సముద్రం తిన్న వీధికి పటం

మా ఇంట్లో లెక్కలు రాయడం పాత అలవాటు. మా ముత్తాతగారు హుమ్మా ఉప్పుమడుల్లో గుమాస్తాగా పనిచేశారు. ఏ మడి నుంచి ఎన్ని బస్తాలు వచ్చాయి, ఏ రోజు అకాల వాన పడి ఎంత ఉప్పు కరిగిపోయింది, అన్నీ తెలుగులోనే రాసుకునేవారట. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడి మా గంజాం జిల్లా మద్రాసు నుంచి అటు వెళ్ళింది. ఆఫీసు కాగితాల భాష మారింది గానీ ఇంటి పద్దుపుస్తకం మాత్రం తెలుగులోనే సాగింది. ఆ పుస్తకాల్లో ఇప్పుడు మిగిలింది ఒకటే. చెదలు తిన్న అంచులతో, బరంపురంలో మా పెద్దమ్మ బీరువాలో ఉంది.

అందుకేనేమో, సముద్ర శాస్త్రం చదువుతున్న మా చిన్నాన్నగారి మనవడు అరచేతిలో పట్టేంత డ్రోన్ పట్టుకుని ఇంటికి వచ్చినప్పుడు మేమంతా అడిగిన మొదటి ప్రశ్న ఒకటే: "దీంతో ఏం లెక్కపెడతావురా?"

"ఒడ్డు లెక్కపెడతాను పెదనాన్నా," అన్నాడు వాడు. "ఋషికుల్య మొగ దగ్గర ఒడ్డు ఎంత మిగిలిందో."

మన వాళ్ళలో చాలామందికి ఋషికుల్య అంటే తాబేళ్ళే గుర్తొస్తాయి. నది సముద్రంలో కలిసే చోట గోఖర్‌కుదా, పొడంపేట, పురుణాబంధ ఊళ్ళ వెంబడి ఉన్న ఇసుక మీదకి ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు లక్షల్లో వచ్చి గుడ్లు పెడతాయి. ఇలా ఒక్కసారిగా మంద వచ్చి పడడాన్ని శాస్త్రవేత్తలు అరిబాడా అంటారు. స్పానిష్ భాషలో రాక అని అర్థం. 1994లో బివాష్ పాండవ్ అనే పరిశోధకుడు ఈ చోటు సంగతి శాస్త్రలోకానికి తెలియజేశారు. ఒడ్డున బతికేవాళ్ళకి అంతకుముందే తెలుసు. ఆ ఒడ్డు మీద వలలు వేసేవాళ్ళలో ఎక్కువమంది మన భాష వాళ్ళే, వాడబలిజలు, జాలారులు. ఒడియావాళ్ళు నోలియాలు అంటారు. పొడంపేట పేరులోనే పేట ఉంది కదా.

ఆ పొడంపేట పాత ఊరు ఇప్పుడు లేదు. సముద్రం వీధి తర్వాత వీధి తినుకుంటూ వచ్చింది. జనం లోపలికి జరిగి కొత్త కాలనీలో ఉంటున్నారు. ఏ ఏడాది ఎన్ని అడుగులు పోయింది అని ఎవరైనా అడిగితే చూపించడానికి ఊళ్ళో ఎవరి దగ్గరా కాగితం లేదు. ఉన్నదంతా మాటే. "మా పెళ్ళినాటికి గుడి దాటి ఇంకా రెండు వరసల ఇళ్ళు ఉండేవి" లాంటి మాట. ఆ మాట అబద్ధం కాదు. కానీ దాన్ని పట్టుకుని ఎవరి బల్ల ముందైనా నిలబడితే, రాసిన లెక్క ఏదని అడుగుతారు. మా పిల్లాడి చేతిలో ఉన్న చిన్న యంత్రం సంగతి మాకు పట్టింది ఇందుకే.

చవక డ్రోన్‌తో సైన్సు చేయవచ్చని గట్టిగా చూపించినవాళ్ళలో లియాన్ పిన్ కో, సెర్జ్ విచ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఉన్నారు. 2012లో వాళ్ళు ఇండోనేషియాలోని సుమత్రా అడవి మీద, సరదాకి ఎగరేసే బొమ్మ విమానం లాంటిదానికి మామూలు కెమెరా, ఉచితంగా దొరికే ఆటోపైలట్ సాఫ్ట్‌వేర్ తగిలించి ఎగరేశారు. మొత్తం ఖర్చు 2,000 డాలర్ల లోపే. అడవి ఎక్కడ నరికారో, ఏ జంతువు ఎక్కడుందో పైనుంచి ఫొటోలు వచ్చాయి. అంతకుముందు అలాంటి ఫొటో కావాలంటే విమానం అద్దెకి తీసుకోవాలి, లేదా ఉపగ్రహం చిత్రం కొనుక్కుని మబ్బు లేని రోజు కోసం ఎదురుచూడాలి. డబ్బున్న పెద్ద సంస్థలకే సాధ్యమయ్యే పని కాలేజీ పిల్లల చేతికి వచ్చింది.

మన దేశంలో చవక అన్న మాటకి కొన్ని షరతులు ఉన్నాయి. 2021 ఆగస్టులో వచ్చిన డ్రోన్ నియమాల ప్రకారం 250 గ్రాముల లోపువి నానో డ్రోన్లు. వాటిని ఎగరేయడానికి పైలట్ లైసెన్సు అక్కర్లేదు. కానీ ఎక్కడ పడితే అక్కడ ఎగరేయడానికి లేదు. ఆకాశాన్ని ఆకుపచ్చ, పసుపు, ఎరుపు మండలాలుగా విడగొట్టారు. మా వైపు గోపాలపురంలో సైన్యం వాళ్ళ ఎయిర్ డిఫెన్స్ కాలేజీ ఉంది, కాబట్టి పటం చూసుకోకుండా బయల్దేరకూడదు. ఆలివ్ రిడ్లీ వన్యప్రాణి సంరక్షణ చట్టంలో మొదటి షెడ్యూలు ప్రాణి, కాబట్టి అటవీ శాఖ అనుమతి కావాలి. 2022 ఫిబ్రవరి నుంచి విదేశీ డ్రోన్ల దిగుమతిని కూడా చాలావరకు ఆపేశారు. మావాడి విషయంలో అనుమతులన్నీ వాడి గురువుగారు తెప్పించారు. తాబేళ్ళు లేని నెలల్లోనే ఎగరేయాలని ముందే అనుకున్నారు. ఇంట్లో కుర్రాళ్ళు ఇది చదివి సరదాకి మొగ దగ్గరికి పరిగెత్తొద్దని గట్టిగా చెబుతున్నాం.

పని ఎలా జరుగుతుందో దగ్గరుండి చూశాం. పిల్లలకి చెబితే వాళ్ళూ ఆసక్తిగా వింటారు కాబట్టి ఇక్కడ రాస్తున్నాం.

డ్రోన్ 60 మీటర్ల ఎత్తులో ఒకే వేగంతో, పొలం దున్నినట్టు వరస వెంబడి వరస తిరుగుతుంది. ఆ ఎత్తులో దాని కెమెరాకి ఒక్కో ఫొటోలో సుమారు 85 మీటర్ల వెడల్పు నేల పడుతుంది. ఫొటోలో ఒక్క చుక్క అంటే నేల మీద దాదాపు 2 సెంటీమీటర్లు. తాబేలు డిప్ప పొడవు 65 సెంటీమీటర్ల దాకా ఉంటుంది, అంటే తాబేలు ఆ ఫొటోలో 30 చుక్కల పొడవున కనబడుతుంది. ఒక ఫొటోకీ పక్క ఫొటోకీ నూటికి 70, 80 వంతులు కలిసిపోయేలా తీస్తారు. నేల మీద ఒకే గుర్తు చాలా ఫొటోల్లో, కొద్దికొద్ది తేడా కోణాల్లో పడుతుంది. రెండు కళ్ళతో చూస్తే మనకి దూరం తెలిసినట్టే, ఆ తేడాల నుంచి సాఫ్ట్‌వేర్ ఎత్తుపల్లాలు లెక్కగడుతుంది. ఓపెన్‌డ్రోన్‌మ్యాప్ అనే సాఫ్ట్‌వేర్ ఈ పని ఉచితంగా చేసిపెడుతుంది. మావాడి పాత లాప్‌టాప్ మీద ఒక కిలోమీటరు ఒడ్డు కలిసి ఒక్క పటంగా రావడానికి రాత్రంతా పట్టింది. ఫ్యాన్ మోతకి ఇంట్లో ఎవరికీ నిద్ర లేదు.

అసలు కిటుకు ఆకాశంలో లేదు, నేల మీద ఉంది. చవక డ్రోన్‌లో ఉండే జీపీఎస్ కొన్ని మీటర్లు అటూ ఇటూ చూపిస్తుంది. ఈ నెల పటం, ఆర్నెల్ల తర్వాత పటం ఒకదాని మీద ఒకటి పెడితే ఒడ్డు జరిగిందో, జీపీఎస్ జరిగిందో తెలియదు. అందుకని కదలని గుర్తులు కావాలి. మావాడు తెల్లటి గుడ్డతో పెద్ద ఇంటూ గుర్తులు కుట్టించుకొచ్చాడు. మా అత్తయ్య పాత పంచెలు చించి కుట్టింది. వాటిని ఒడ్డు పొడవునా పరిచి, ఒక్కోటి ఎక్కడుందో మంచి పరికరంతో కొలిచారు. శాశ్వతమైన గుర్తు కోసం తుఫాను షెల్టర్ మెట్ల మూల తీసుకున్నారు. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుఫాను గోపాలపురం దగ్గరే తీరం దాటింది. 2018లో తిత్లీ పలాస వైపు దాటినా మమ్మల్నీ వదల్లేదు. అలాంటి గాలులకి నిలబడాలని కట్టిన సిమెంటు మూల ఎక్కడికీ పోదన్న ధైర్యం.

మొదటి రోజు డ్రోన్ లేవగానే ఊళ్ళో పదిమంది పోగయ్యారు. పిల్లలు ఉత్సాహంగా చూస్తున్నారు గానీ పెద్దవాళ్ళ మొహాలు వేరేగా ఉన్నాయి. ఒకాయన సూటిగా అడిగేశాడు: "మా పడవల్ని పట్టించడానికా ఇది?"

అది తీసిపారేయాల్సిన ప్రశ్న కాదు. తాబేళ్ళ కోసం ప్రతి ఏటా నవంబరు 1 నుంచి మే 31 వరకు ధామ్రా, దేవి, ఋషికుల్య మొగల దగ్గర తీరం నుంచి 20 కిలోమీటర్ల లోపు చేపల వేట నిషేధిస్తారు. ఏడు నెలలు. ప్రభుత్వం కొంత సాయం ఇస్తుంది, కానీ ఏడు నెలల వంటకి అది సరిపోతుందా అన్నది ఆ ఇంటి ఇల్లాలిని అడగాలి. తాబేలుని దేవుడిగా చూసే ఊళ్ళే ఇవి. గుడ్లు పగిలి పిల్లలు బయటికి వచ్చే రోజుల్లో, దీపాల వెలుగుకి దారి తప్పి లోపలికి పాకే పిల్లల్ని బుట్టల్లో ఏరి సముద్రంలో వదిలేది కూడా ఈ ఊళ్ళ కుర్రాళ్ళే. అయినా, తాబేళ్ళ లెక్క ఎప్పుడూ బయటివాళ్ళ చేతిలోనే ఉంటుంది, ఆ లెక్క పేరు మీద వచ్చే కట్టుబాటు మాత్రం వీళ్ళ మీద పడుతుంది. ఆకాశంలో కన్ను కనబడితే భయపడరా మరి?

మావాడు డ్రోన్ దించేసి, తెర ఆయన చేతికే ఇచ్చాడు. "తాతా, నువ్వే చూడు. పడవలు తీయడం లేదు, ఇసుక తీస్తున్నాను" అన్నాడు. ఆయన తెర మీద వేలు పెట్టి, ఒడ్డు దాటి, నీళ్ళ మీదకి జరిపాడు. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత అన్నాడు: "ఇదేటి బాబూ, ఇక్కడ మా వీధి ఉండీది. నీ బొమ్మలో నీల్లే ఉన్నాయి."

ఆ మాటతో పని తీరు మారిపోయింది. డ్రోన్ ఈ రోజు ఉన్నదాన్నే ఫొటో తీయగలదు. నిన్న ఉన్నది దానికి తెలియదు. ఆయనకి తెలుసు. మర్నాడు మేం పటాన్ని బరంపురంలో బ్యానర్లు వేసే షాపులో మంచం దుప్పటంత సైజులో అచ్చు వేయించి, ఊళ్ళో అరుగు మీద పరిచాం. ఆడవాళ్ళు, మగవాళ్ళు చుట్టూ కూర్చున్నారు. నీళ్ళలో ఇంకా తల పైకి కనబడే గోడముక్క ఏ ఇంటిదో చెప్పారు. అక్కణ్ణుంచి ఎన్ని అంగలకి నుయ్యి, ఎటువైపు గుడి, ఎక్కడ వలలు ఆరేసేవాళ్ళు, అన్నీ వాదించుకుంటూ చెప్పారు. ఇద్దరు ముసలమ్మలు ఒక ఇంటి గురించి గంటసేపు పోట్లాడుకుని చివరికి ఇద్దరూ ఒప్పుకున్న చోట గుర్తు పెట్టించారు. మాకు తెలుగు రాయడం వచ్చు కాబట్టి, వాళ్ళు అన్నది అన్నట్టు తెలుగులో రాసే పని మాకు అప్పజెప్పారు. ముత్తాతగారి పద్దుపుస్తకం గుర్తొచ్చింది.

ఇక్కడ ఒక సంగతి మన వాళ్ళందరికీ చెప్పాలి. ఆ ఒడ్డు మీద ప్రతి దిబ్బకీ, ప్రతి పల్లానికీ ఒక తెలుగు పేరు ఉంది. ఒకటి ఎప్పుడో కొట్టుకొచ్చి ఇసుకలో కూరుకుపోయిన పడవ పేరు మీద, ఒకటి ఉప్పు తగిలి పాడైపోయిన మంచినీళ్ళ నూతి పేరు మీద. సర్కారు పటాల్లో ఆ పేర్లు లేవు. ఒడియా బడిలో చదువుకుంటున్న పిల్లల నోట కూడా లేవు. ఆ పిల్లలు ఇంట్లో తెలుగు మాట్లాడతారు, చదవలేరు. ఒడ్డుతో పాటు పేరు కూడా కొట్టుకుపోతోంది. అందుకని పటం మీద పేర్లు తెలుగులోనూ, కింద ఒడియాలోనూ రాయించాం.

ఇంతకీ తాబేళ్ళని లెక్కపెట్టొచ్చా డ్రోన్‌తో? బంధువులందరూ అడిగే ప్రశ్న ఇదే. కొన్నిచోట్ల పెట్టారు. ఆస్ట్రేలియాలో రెయిన్ ద్వీపం దగ్గర పచ్చ తాబేళ్ళు గుడ్లు పెట్టడానికి చేరతాయి. అక్కడి పరిశోధకులు ఒడ్డుకి వచ్చిన తాబేళ్ళ డిప్పల మీద తెల్లటి గీత గీశారు. ప్రాణికి హాని లేని రంగు, కొన్నాళ్ళకి పోతుంది. తర్వాత చుట్టుపక్కల నీళ్ళ మీద డ్రోన్ ఎగరేసి, గీత ఉన్నవి ఎన్ని, లేనివి ఎన్ని అని ఫొటోల్లో లెక్కించారు. గీసినవి ఎన్నో ముందే తెలుసు కాబట్టి, ఆ నిష్పత్తితో మొత్తం మంద ఎంతో తేలుతుంది. 2019 డిసెంబరులో 64,000 వరకు ఉన్నాయని అలా లెక్క వచ్చింది. పడవ మీద నిలబడి కళ్ళతో లెక్కపెట్టిన పాత పద్ధతిలో చాలా తక్కువ అంచనా వేశారని కూడా తెలిసింది. కోస్టారికాలో ఓస్టియోనల్ తీరం దగ్గర మన ఆలివ్ రిడ్లీలనే, ఒడ్డెక్కక ముందు నీళ్ళలో గుంపుగా ఉన్నప్పుడు, డ్రోన్‌తో లెక్కించారు.

మన మొగ దగ్గర అంత తేలిక కాదు. తాబేళ్ళు ఎక్కువగా రాత్రిపూట ఒడ్డెక్కుతాయి. చవక కెమెరాకి చీకట్లో ఏమీ కనబడదు. వేడిని పట్టే కెమెరా ఖరీదెక్కువ. పైగా తాబేలు మనలా వెచ్చటి ఒంటి ప్రాణి కాదు కాబట్టి ఇసుక మీద అది స్పష్టంగా తేలదు. తెల్లారాక జాడలు లెక్కపెడదామంటే ఒకదాని జాడ మీద వంద తాబేళ్ళు నడిచి ఉంటాయి. పగలు నీళ్ళలో చూస్తే పైకి తేలినవే కనబడతాయి, మునిగి ఉన్నవి ఎన్నో విడిగా అంచనా వేసుకోవాలి. అందుకే ఇప్పటికీ ఒడ్డు మీద హద్దులు గీసి, ఆ హద్దుల్లో గుడ్లు పెడుతున్న తాబేళ్ళని రాత్రంతా మనుషులే లెక్కించి, దాన్నుంచి మొత్తం కడతారు. 2023లో 6 లక్షల 37 వేలు, 2025 ఫిబ్రవరిలో 6 లక్షల 90 వేలకి పైన అని మనం పేపర్లో చదివిన అంకెలు అలా వచ్చినవే. మధ్యలో 2024లో మంద అసలు రానేలేదు.

రాని ఏడాది ఎందుకు రాలేదన్న ప్రశ్నకి డ్రోన్ ఒక్కటే జవాబు చెప్పలేదు. కానీ ఒక ముక్క చెప్పగలదు. పోటు నీరు అందని ఇసుక ఎంత ఉంది? గుడ్లు 45 నుంచి 50 రోజులు ఇసుకలో ఉండాలి. ఈలోగా నీళ్ళు చేరితే పాడైపోతాయి. మొగ జరుగుతూ ఉంటుంది, తిన్నె ఒక ఏడు వెడల్పుగా, ఒక ఏడు నాలుకలా సన్నగా ఉంటుంది. ఏటా అదే నెలలో, అదే ఎత్తులో, అవే గుర్తుల మధ్య ఎగరేస్తే, పదేళ్ళకి ఆ ఇసుక కథ అంకెల్లో చేతికొస్తుంది. అదే పటం ఊరివాళ్ళకి ఇంకో పనికి వస్తుంది. కాలనీ నుంచి నీళ్ళు ఎంత దూరంలో ఉన్నాయి, ఏటా ఎంత దగ్గరికి వస్తున్నాయి? తాబేలు గుడ్డుకీ మనిషి గుమ్మానికీ ఒకే కొలత.

ఇంతవరకు మావాడు మూడుసార్లు ఎగరేశాడు. మూడుసార్లతో ఏదీ తేల్చి చెప్పకూడదని వాడి గురువుగారు హెచ్చరించారు, అది సబబే. వానాకాలం ముందూ వెనకా ఒడ్డు ఎలాగూ తగ్గి పెరుగుతుంది. ఆ హెచ్చుతగ్గులు దాటి నిజంగా ఎంత పోతోందో తెలియాలంటే ఏళ్ళు పడుతుంది. మధ్యలో గద్ద ఒకటి డ్రోన్ మీదకి దూకింది, ఒక రెక్క విరిగింది. సముద్రపు గాలికి బ్యాటరీ పెట్టె మీద రాసినంతసేపు రాదు. ఉప్పుగాలికి మోటారు తుప్పు పడుతుంది, ఎగరేసిన ప్రతిసారీ తుడుచుకోవాలి. ఒడ్డున పక్షులు గుంపుగా వాలి ఉంటే ఆ రోజు పని మానుకోవడమే.

ఊరితో ఒక ఒప్పందం చేసుకున్నాం. తీసిన ప్రతి పటం కాపీ ఊరి పెద్దల దగ్గర ఉంటుంది, అచ్చులోనూ, పెన్‌డ్రైవ్‌లోనూ. ఇళ్ళ మీద, పడవల మీద కెమెరా తిప్పరు. పరిశోధన పత్రం రాస్తే పేర్లు చెప్పినవాళ్ళ ఊరి పేరు అందులో ఉంటుంది. ఇది కాగితం మీద రాసుకున్న ఒప్పందమే. ఒడియాలో రాసి, తెలుగులో చదివి వినిపించాం.

పూరీ పెంటకోటలో, పారాదీప్‌లో, ఇంకా మన వాళ్ళు సముద్రం పక్కన ఉన్న ప్రతి చోటా చదువుకున్న పిల్లలు ఉన్నారు. డ్రోన్ కొనమని మేం చెప్పడం లేదు. దగ్గర్లో ఏ కాలేజీవాళ్ళో తీర పరిశోధన చేస్తూ ఉంటే వెళ్ళి కలవండి. పటం కాపీ అడగండి. పెద్దవాళ్ళని కూర్చోబెట్టి పేర్లు చెప్పించండి. రాసేది తెలుగులో రాయండి. బీరువాల్లో పాత ఫొటోలు ఉంటే వెతకండి. పెళ్ళి ఫొటోలో వెనకాల కనబడే గుడి గోపురం కూడా కొలతకి పనికొస్తుందని మాకు ఇప్పుడు తెలిసింది. ఫొటో వెనక ఏడాది రాసి ఉంటే మరీ మంచిది.

మా దగ్గర పటం మీద ఇప్పటికి 31 పేర్లు చేరాయి. అందులో 12 నీళ్ళ మీద ఉన్నాయి. తర్వాతి సారి ఎగరేసేది వానలు వెనకబట్టాక, దసరా సెలవుల్లో. తెల్లగుడ్డ గుర్తులు కొన్ని చిరిగిపోయాయి. మా అత్తయ్య మళ్ళీ పాత పంచెలు అడుగుతోంది. బరంపురం చుట్టుపక్కల ఉన్న బంధువులెవరైనా ఇస్తే తీసుకుంటాం.